ఏరు పొంగే వేళ తెలిసిన ఇందుమతి గారు

"అమ్మ వెళ్ళిపోయింది అక్కా, తెల్లవారుజామున." ఇందుమతి గారి కూతురు సుమ పంపిన ఈ ఒక్క ముక్క నేను ఆఫీసు మీటింగులో ఉండగా ఫోను మీద కనపడింది. ఎవరో ఏదో ప్రాజెక్టు గురించి నన్ను అడుగుతూనే ఉన్నారు. జవాబు చెప్పకుండా లేచి బయటికి వచ్చేశాను. ఇలాంటి వార్తను అశనిపాతం అని రాయడం మన సంప్రదాయం. రాయబోయి ఆగాను. ఆవిడ ఉంటే ఒప్పుకునేవారు కారు. "పిడుగు ఊరికే పడదమ్మా, ముందు మబ్బు పడుతుంది. నువ్వు తలెత్తి చూడలేదంతే" అనేవారు. నిజానికి నెలల తరబడి చూస్తూనే ఉన్నాం. అయినా ఆ ఉదయం ట్రామ్ స్టాపులో నిలబడి, నా ముందు ఆగిన ట్రామ్ ఎక్కడం కూడా మరిచిపోయి, చిన్నపిల్లలా ఏడ్చాను.

కొత్తపల్లి ఇందుమతి గారిని కాన్‌బెర్రా తెలుగువారికి నేను పరిచయం చేయనక్కర్లేదు. ఈ సంచిక మెల్‌బోర్న్‌లో టార్నీట్ దాకా, క్లేటన్‌లో చదువుకునే పిల్లల అద్దె గదుల దాకా వెళ్తుందని సంపాదకులు అన్నారు కనుక నాలుగు మాటలు చెబుతాను. ఆవిడ జన్మస్థలం కోనసీమ. రాజమండ్రిలో కొన్నేళ్ళు భూగోళశాస్త్రం బోధించారు. భర్త ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చి, ఆయన అకాలంగా కన్నుమూశాక, నడివయసులో మళ్ళీ విశ్వవిద్యాలయం మెట్లెక్కి, నదీప్రవాహాలను కొలిచే ప్రభుత్వ శాఖలో చేరి, పదవీ విరమణ దాకా అదే పని చేశారు. ఆ ఉద్యోగాన్ని ఆవిడ "నదులకు నాడి చూడడం" అనేవారు. నడుము దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని, మంచునీళ్ళలో నిలబడి, కాన్‌బెర్రా శివారు గంగాలిన్‌లోని ఇంటికి వచ్చాక ఆ చేతులతోనే తులసికోట ముందు ముగ్గు వేసేవారు. ఈ రెండింటికీ మధ్య ఆవిడకు ఏ పేచీ ఉండేది కాదు. పేచీ వచ్చింది ఒక్కసారే, ఈ వ్యాసమంతా దాని గురించే.

ఆవిడది మెత్తని స్వభావం అని రాస్తే ఎరిగున్నవాళ్ళు నవ్వుతారు. తెలుగువాళ్ళం పరాయి దేశంలో కలిస్తే ముందు ఊరడుగుతాం. తరవాత, అడగకూడదనుకుంటూనే, ఇంకొకటి అడుగుతాం. ఆవిడ అడిగేది వేరు. మొదటిసారి ట్రామ్‌లో నా పక్కన కూర్చుని, నేను ఫోనులో మా అమ్మతో మాట్లాడడం విని, పెట్టేసేదాకా ఆగి, "ఏ కాలవ నీళ్ళు తాగి పెరిగావమ్మా?" అన్నారు. తెనాలి అన్నాను. "అయితే కృష్ణ పడమటి డెల్టా. మా అత్తగారూ అక్కణ్ణుంచి వచ్చినావిడే. మనసు మంచిదే గాని మాట మీద నిలకడ తక్కువ" అన్నారు, నవ్వు మొహం కూడా పెట్టకుండా. నాకు ఒళ్ళు మండింది. అయినా దిగేలోపు ఆదివారం వాళ్ళింటికి భోజనానికి వస్తానని ఒప్పుకున్నాను.

ఆ భోజనాల నుంచే నది నడకలు మొదలయ్యాయి. ఉద్యోగం వదిలాక ఆవిడకు ఒక పట్టుదల పుట్టింది. మన పిల్లలు ఈ దేశంలో పుట్టి, ఈ దేశం నీళ్ళు తాగుతూ, ఆ నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయో తెలియకుండా పెరగడం ఆవిడకు సహించలేదు. నాలుగు కుటుంబాలను పోగుచేసి, కారులో రెండు మూడు గంటల దూరంలో ఉన్న స్నోయీ పర్వతాలకు తీసుకెళ్ళి, థ్రెడ్‌బో నదిని పుట్టిన చోటి నుంచి కలిసే చోటు దాకా విడతలు విడతలుగా నడిపించారు. మన గోదావరి ముందు థ్రెడ్‌బో ఒక పిల్లకాలవ. "గోదావరి అందరికీ చెప్పి వస్తుంది. ఈ కొండపిల్ల ఎవరికీ చెప్పదు. దీని దగ్గరే జాగ్రత్తగా ఉండాలి" అనేవారు.

మొదటి విడతలో నది పుట్టుక చూపిస్తారని ఎగబడి వెళ్ళాం. డెడ్ హార్స్ గ్యాప్ అనే కనుమకు పైన, చెట్లు పొట్టివై గాలికి మెలితిరిగిపోయిన చోట, కాలు పెడితే పరుపులా దిగబడే నాచునేల ముందు నిలబెట్టి "ఇదే" అన్నారు. నది కనపడదు. ఎక్కడో కింద గుడగుడమని సన్నని చప్పుడు మాత్రం ఉంది. ఒకాయన నిరాశపడి, త్రయంబకంలో గోముఖం ఉన్నట్టు ఇక్కడ ఏదైనా ఉండాలి కదా అన్నాడు. "పుట్టుక వేలు పెట్టి చూపించేది కాదు నాయనా. ఈ నాచు శీతాకాలం మంచు తాగి, ఎండాకాలమంతా కొంచెం కొంచెంగా వదులుతుంది. దీన్ని తొక్కకుండా నిలబడు, అదే పూజ" అని ఆయన్ను రాతి మీదికి జరిపారు.

అక్కడి నుంచి ఈశాన్యంగా దిగే లోయ గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. మంచు ఆటల ఊరు దాటి, గుండ్రని నల్లరాళ్ళ మధ్యగా, స్నో గమ్ అనే పొట్టి నీలగిరి చెట్లు పోయి, యాష్ అనే పెద్ద పెద్ద నీలగిరి చెట్లు వచ్చేదాకా, బుల్లక్స్ ఫ్లాట్ మైదానం దాకా నది మెలికలు పెద్దగా తిరగదు. ఎంత క్రమశిక్షణ అని నేను మెచ్చుకుంటే ఆవిడ తల అడ్డంగా ఊపారు. అక్కడ ఎప్పుడో భూమి విరిగిందట, ఆ పగులు వెంట నీళ్ళు దారి చేసుకున్నాయట. "తిన్నగా పోయే నదిని చూసి మురిసిపోకు. నేల ఎక్కడ విరిగిందో అక్కడే అది తిన్నగా పోతుంది" అన్న మాట ఇప్పటికీ మా ఇళ్ళలో మనుషుల గురించి కూడా వాడుకుంటాం.

చివరి విడత జిండబైన్ సరస్సు దగ్గర. అది మనుషులు ఆనకట్ట వేసి కట్టుకున్న సరస్సు. పాత జిండబైన్ ఊరు దాని అడుగున ఉంది. థ్రెడ్‌బో వచ్చి స్నోయీ నదిలో కలిసిన సంగమం కూడా ఆ నీళ్ళ కిందే ఉంది. అక్కడి నుంచి కొంత నీరు ఆనకట్ట దాటి స్నోయీగా దక్షిణ సముద్రానికి పోతుంది. కొంత నీటిని యంత్రాలు పైకి తోడి, కొండల పొట్టలో తొలిచిన సొరంగాల గుండా పడమటికి, మర్రే నది వైపు పంపుతాయి. ఏ చుక్క ఎటు పోతుందో ఆ చుక్కకే తెలియదని ఆవిడ చెబుతుంటే, ఆ గట్టు మీద నిలబడిన మాలో చాలామంది ఎవరి వీసా సంగతి వాళ్ళు ఆలోచించుకున్నాం.

ఇక ఆ కార్తీకం సంగతి. మూడేళ్ళ కిందటి మాట. మా అత్తగారు సుభద్రమ్మ గారు బాపట్ల నుంచి విజిటర్ వీసా మీద మా ఇంటికి వచ్చి ఉన్నారు. కార్తీకమాసం ఒక్కపూట భోజనం, దీపం, స్నానం వేటికీ లోపం రాకూడదు. వనభోజనం ఉసిరిచెట్టు కింద జరగాలి, పక్కన నది ఉండాలి. కాన్‌బెర్రా చలికి ఉసిరి బతకదు. ఇందుమతి గారి ఇంట్లో మాత్రం గాజు తలుపు వెనక ఎండ తగిలే మూలన, కుండీలో, మనిషి నడుమెత్తు ఉసిరి మొక్క ఒకటి ఉండేది. దాన్నే తీసుకెళ్దామన్నారు. నేషనల్ పార్కులో పరాయి మట్టి ఒక్క రేణువు రాలకూడదని కుండీని రెండు గుడ్డల్లో మూటగట్టి, ఒడిలో పెట్టుకుని కారెక్కారు. మా అత్తగారు ఆ శ్రద్ధ చూసి "ఆవిడకి ఆచారం తెలుసు" అని నాతో మెల్లిగా అన్నారు. దారంతా ఇద్దరూ వదినగారూ వదినగారూ అనుకుంటూ దొండకాయ కారం గురించి మాట్లాడుకున్నారు.

ఏర్పాట్లన్నీ కోటేశ్వరరావు గారివి. తెలుగు సంఘంలో ఏ కార్యక్రమమైనా ఆయన చేతి మీదుగా జరగాల్సిందే. బుల్లక్స్ ఫ్లాట్‌కు ఎగువన ఏరు రెండు పాయలుగా చీలి, మధ్యలో పచ్చిక లంక ఒకటి ఏర్పడిన చోట కార్లు ఆపించారు. ఇవతలి పాయ సన్నది. పొద్దున మేం వెళ్ళేసరికి గడ్డి మీద ఇంకా తెల్లగా మంచు ఉంది. రాళ్ళ మీద అడుగేస్తే చీలమండ కూడా సరిగా తడవలేదు.

"ఐలాండ్ మీద లాన్ లాగా ఉంది ఆంటీ, షేడ్ కూడా ఉంది. పూజ అక్కడే పెట్టేద్దాం" అన్నారాయన.

"లంకల్లో పుట్టినదాన్ని, లంక మాట నాకు చెప్పకు కోటేశ్వర్రావ్. ఒడ్డునే పెట్టండి" అన్నారు ఇందుమతి గారు. ఆయన వినేట్టు లేరని మా అత్తగారి వైపు తిరిగారు. "వదినగారూ, సంకల్పంలో ఏ తీరమని చెబుతారు? లంక మీద కూర్చుంటే అసలు తీరమే లేదు కదా."

"మధ్యే అంటాను వదినగారూ, ఏం పర్లేదు" అని మా అత్తగారు అప్పటికే పీట చంకన పెట్టుకుని రాళ్ళ మీద అడుగేశారు.

ఇందుమతి గారు ఇక వాదించలేదు. పొద్దు వాలకముందే అందరూ ఇవతలి ఒడ్డుకు వచ్చేయాలని కోటేశ్వరరావు గారి చేత మాట తీసుకున్నారు. ఆయన "ష్యూర్ ఆంటీ" అన్నారు. తరవాత ఆవిడ లంక అంచున ఉన్న పెద్ద రాయి దగ్గర కూర్చుని, దానికి పసుపు రాసి, నీటికి కాస్త ఎగువన ఒక కుంకుమ బొట్టు, దాని మీద ఇంకొకటి, దాని మీద మరొకటి పెట్టారు. గంగమ్మకు పూజ చేస్తున్నారనుకుని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఆ రాయికి దండం పెట్టుకున్నారు కూడా.

పూజ పొద్దున్నే మొదలుకావాలి. మన కార్యక్రమాల సంగతి మీకు తెలుసు. పులిహోర గిన్నె ఉన్న కారు దారిలో కూమా ఊళ్ళో కాఫీకి ఆగింది. వత్తులు వచ్చాయి గాని నెయ్యి రాలేదు. అన్నీ సమకూరి మా అత్తగారు పీట మీద కూర్చుని సంకల్పం చెప్పేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఆ ఏడు మంచు ఆలస్యంగా, బాగా కురిసింది. ఆ వారంలో ఒక్కసారిగా ఎండలు ముదిరాయి. పిల్లలు స్వెట్టర్లు విప్పి విసిరేశారు. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఉసిరి మొక్క మొదట్లో ప్రమిద వెలుగుతోంది, సహస్రనామం నడుస్తోంది, పులిహోర వాసనకు అందరి కడుపులూ కదులుతున్నాయి.

ఇందుమతి గారు లేచి రాయి దగ్గరికి వెళ్ళి వచ్చారు. మొదటి బొట్టు నీళ్ళలో మునిగిపోయింది. కోటేశ్వరరావు గారి పక్కన వంగి "ఇక లేవండి" అన్నారు మెల్లిగా. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, ఫోను చూపించారు. "టెన్షన్ పడకండి ఆంటీ. పొద్దున వెదర్ చూశాను. జీరో పర్సెంట్ రెయిన్."

మా అమ్మాయి కూడా అందుకుంది. "బట్ ఆంటీ, దేరీజ్ నో రెయిన్!"

"వాన కాదమ్మా. మనూళ్ళో కార్తీకమంటే నదులు తేరుకుని అద్దంలా ఉండే నెల. ఇక్కడ కార్తీకం మంచు కరిగే నెల. రాత్రి నీళ్ళన్నీ కొండ మీద గడ్డకట్టి కూర్చుంటాయి. ఎండెక్కాక బయల్దేరతాయి. ఆ నీళ్ళు ఇప్పుడు దార్లో ఉన్నాయి." ఈ మాటలు ఆవిడ గట్టిగానే అన్నారు. కొందరు లేచి నిలబడ్డారు. పూజ మధ్యలో ఎలా అని మళ్ళీ కూర్చున్నారు. నైవేద్యం అయి, పిలిచిన స్వామికి ఉద్వాసన చెబితే గాని ఎవరూ ముద్ద ముట్టరు, పీట మీది మనిషి లేవందే ఎవరూ లేవరు. ఇది మన రక్తంలో ఉన్న మర్యాద. ఆ మర్యాద ఆ రోజు మమ్మల్ని ముంచడానికి సిద్ధంగా ఉంది.

నీటి చప్పుడు మారింది. అంతదాకా గలగలమన్నది, లోపల రాయి రాయీ తగిలి బొటుకు బొటుకుమనడం మొదలుపెట్టింది. నేను వెనక్కి తిరిగి చూశాను. పొద్దున మేం అడుగులేసిన రాళ్ళలో సగం కనపడలేదు. అత్తగారి భుజం మీద చెయ్యి వేసి "అత్తయ్యా, లేవండి" అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకునే, వద్దని చెయ్యి ఊపారు. రెండో బొట్టు కూడా పోయిందని ఇందుమతి గారి మొహం చూస్తేనే తెలిసింది.

అప్పుడు ఆవిడ తిన్నగా నడిచి వచ్చి, మా అత్తగారి ఎదురుగా ఉన్న ఉసిరి కుండీని, ప్రమిదతో సహా, రెండు చేతులా ఎత్తి నడుముకు ఆనించుకుని, కొంగు దీపానికి అడ్డం పెట్టుకుని, ఏట్లోకి దిగిపోయారు. ఎవరో కెవ్వుమన్నారు. "పూజ మధ్యలో దేవుణ్ణి ఎత్తుకుపోతోందేంటి!" అని ఒకావిడ అరిచింది. కాని ఆ అరుపుతోనే అందరూ లేచారు. దేవుడు ఒడ్డుకు పోతుంటే లంక మీద పూజ ఎవరికి? పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు ముందు, పెద్దవాళ్ళను పట్టుకున్నవాళ్ళు వెనక, మోకాలి లోతు మంచునీళ్ళలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దాటారు. కోటేశ్వరరావు గారు, ఆయన్ను మెచ్చుకోవాలి, ప్రమాదం తెలిసిన మరుక్షణం నీళ్ళలోకి దూకి, అందరికీ ఊతంగా పాయ మధ్యలో నిలబడ్డారు.

మా అత్తగారు కదల్లేదు. ఖాళీ చోటు ముందు పీట మీద అలాగే కూర్చున్నారు. "నేను లేవను. ఆయన్ని ఎత్తుకుపోతే పోనీ, నేను లేవను." నేనూ మా ఆయనా చెరో చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నారు. నీళ్ళు పీట నుంచి బారెడు దూరంలోకి వచ్చేశాయి.

ఇందుమతి గారు ఒడ్డు నుంచి కేక పెట్టారు. "వదినగారూ! దీపం ఇక్కడుంది. నా చెయ్యి వణుకుతోంది, ఎంతోసేపు ఆగదు. అది కొండెక్కకముందే వచ్చి ఉద్వాసన చెప్పండి!"

ఆ మాటకు లేచారు. దీపం కోసం లేచారు, ప్రాణం కోసం కాదు. పాయ మధ్యకు వచ్చేసరికి నీరు తొడల దాకా ఉంది. అత్తగారి కాలు జారింది. నా పట్టు తప్పింది. ఆ క్షణం ఇప్పటికీ నాకు కలలో వస్తుంది. ఒడ్డున కుండీ దింపేసి నీళ్ళలోకి దిగిన ఇందుమతి గారు ఆవిడను రెండు చంకల కింద చేతులేసి పట్టుకున్నారు, మా ఆయన వెనక నుంచి నెట్టాడు. అందరం ఒడ్డు మీద పడ్డాం. వెనక్కి చూస్తే పచ్చిక సగం మునిగింది, పులిహోర గిన్నె తిరుగుతూ తిరుగుతూ జిండబైన్ వైపు వెళ్ళిపోతోంది.

అందరం ఉన్నామా లేదా అని లెక్కలు, తడిబట్టలు, పిల్లల ఏడుపులు. ఆ గందరగోళంలో ప్రమిద సంగతి ఎవరూ చూడలేదు. మా అత్తగారు చూశారు. "కొండెక్కింది" అన్నారు.

ఆ రాత్రి కుంపట్లో నిప్పులా రగిలారు. "ఉద్వాసన చెప్పకుండా స్వామిని చంకనెత్తుకుపోతుందా? ఎవరిచ్చారు ఆవిడకా అధికారం?" "ఆవిడ లేకపోతే ఇవాళ మీరుండేవారు కాదు అత్తయ్యా" అన్నాను. "ఉంటానో పోతానో ఆయన ఇష్టం. మధ్యలో ఆవిడెవరు?" అన్నారు. మర్నాడు ఇందుమతి గారు చేగోడీల డబ్బాతో చూడ్డానికి వస్తే, అత్తగారు గదిలోంచి బయటికి రాలేదు. ఆవిడ హాల్లో కూర్చుని, కాఫీ తాగి, డబ్బా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

అత్తగారు బాపట్ల వెళ్ళిన కొన్నాళ్ళకు మామగారికి పక్షవాతం వచ్చింది. ప్రాణానికి గండం తప్పినా కుడిచెయ్యి పడిపోయింది. అత్తగారు ఫోనులో ఏడుస్తూ, స్వామిని మధ్యలో లేపిన ఫలం ఇది అన్నారు. ఈ మాట ఇందుమతి గారిదాకా వెళ్ళకూడదని నేను జాగ్రత్తపడ్డాను. మన సంఘంలో మాట ఆగుతుందా? ఎవరో చేరవేశారు.

చదువుకున్న మనిషి, నీళ్ళ లెక్క తెలిసిన మనిషి, ఇలాంటి మాటలు లక్ష్యపెట్టరనుకున్నాను. ఎంత పొరపాటు! వాళ్ళింటికి వెళ్తే గాజు తలుపు దగ్గర మొక్క ఉంది, పచ్చగా, రోజూ నీళ్ళు పోసినట్టే ఉంది. దాని ముందు ముగ్గు లేదు, దీపం లేదు. ఎందుకని అడిగాను.

"పిలిచిన స్వామిని పంపించలేదుగా. ఇంకా అందులోనే కూర్చున్నాడు. పంపకుండా మళ్ళీ ఎలా పిలుస్తాం?" అన్నారు.

"మీరే చెప్పేయొచ్చు కదా ఆంటీ ఉద్వాసన?"

"పీట మీద కూర్చున్నది వదినగారు. సంకల్పం ఆవిడది. ఆవిడే పంపాలి." మొక్కకి నీళ్ళు పోస్తూ అన్నారు. "ఆ కుండీ ఎత్తినప్పుడు నా చేతులు వణికాయి చూశావా. చలికని అందరూ అనుకున్నారు. చలికి కాదు. మళ్ళీ అట్లాంటి రోజొస్తే మళ్ళీ ఎత్తుతాను, సందేహం లేదు. కాని తప్పు తప్పే కదమ్మా."

తరవాత కార్తీకాల్లో ఆవిడ వనభోజనాలకు రాలేదు. స్థలం, వేళ మాత్రం కోటేశ్వరరావు గారు ఆవిడను అడగకుండా నిర్ణయించేవారు కారు. ఆవిడ చెప్పిన వేళకు ముందే, ఆవిడ చెప్పిన ఒడ్డునే, పూజ ముగించుకుని వచ్చేవాళ్ళం.

ఈ ఏడు శీతాకాలంలో ఆవిడ ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. గుండె అలసిపోయిందన్నారు డాక్టర్లు. ఆసుపత్రిలో నర్సు వచ్చి తాగిన నీళ్ళెంత, పోయిన నీళ్ళెంత అని రాసుకుంటుంటే నన్ను చూసి కన్నుగీటారు. "ఉద్యోగమంతా నదులకి చేశాను. ఇప్పుడు నాకు చేస్తున్నారు." నేను నవ్వాను. నవ్వుతున్న నన్ను కాసేపు చూసి, "మీ అత్తగారు ఏమన్నా అన్నారా?" అన్నారు. వెళ్ళిన ప్రతిసారీ అదే అడిగేవారు. నొప్పి గురించి అడిగేవారు కారు, కూతురి సెలవుల గురించి అడిగేవారు కారు. వదినగారు ఏమన్నా అన్నారా అని.

నేను బాపట్లకు ఫోను మీద ఫోను చేశాను. బతిమాలాను. "అత్తయ్యా, ఒక్క మాట. ఫోనులోనే చెప్పండి. ఆవిడ మనసు తేలికపడుతుంది."

"అట్లా ఎట్లా కుదురుద్దే అమ్మాయ్? కార్తీకం రానీ. పుణ్యకాలంలో, మడిగట్టుకుని, పద్ధతిగా చెబుతా" అన్నారు.

"అప్పటిదాకా ఆవిడ ఉండరేమో."

"అంతా ఆయన దయ" అని పెట్టేశారు. ఆ ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. ఆసుపత్రికి వెళ్ళి, కార్తీకంలో చెబుతారట ఆంటీ అన్నాను. ఇందుమతి గారి మొహంలోకి వెలుగొచ్చింది. "ఆవిడ మాటంటే మాటే. ఇంకెంత, నెలరోజులు. ఉంటాను" అన్నారు. కొండ మీద మంచు ఎంతుందని అడిగారు. కరగడం మొదలైందని చెప్పాను. అదే మా ఆఖరి సంభాషణ. ఆశ్వయుజం సగంలోనే ఆవిడ వెళ్ళిపోయారు.

కబురు తెలిసిన రోజు సాయంత్రం నేను సుమ వాళ్ళింట్లో ఉండగా అత్తగారు వీడియో కాల్ చేశారు. చెప్పాను. దయ చూపించి చెప్పలేదు, కోపంగానే చెప్పాను. "పోయారు అత్తయ్యా. మీ కార్తీకం రాలేదు."

చాలాసేపు ఫోనులో ఆవిడ మొహం కదలకుండా ఉంది. నెట్ ఆగిపోయిందనుకున్నాను. తరవాత "ఆ ఉసిరి మొక్క ఆ ఇంట్లోనే ఉందా?" అన్నారు. ఉందన్నాను. "ఫోను దాని వైపు తిప్పు."

నాకు అర్థమై, మళ్ళీ కోపమే వచ్చింది. "ఇది మైల ఇల్లు అత్తయ్యా. పుణ్యకాలం కాదు, మీరు మడిలో లేరు. మీరే కదా అన్నారు."

"మైల మనుషులకి. ఆయనకేం మైల? ఎన్నాళ్ళు కూచోబెడతాం పాపం, ఇక పంపించేద్దాం. తిప్పవే తల్లీ" అన్నారు. ఆవిడ గొంతు అట్లా వినడం నాకు అదే మొదలు.

తిప్పాను. అత్తగారు తన వంటింట్లోంచి గుప్పెడు బియ్యం తెచ్చుకుని, కడుక్కోని నూనె చేతులతోనే పసుపు కలిపి, బాపట్లలో ఫోను తెర మీదే అక్షతలు చల్లారు. ఆవిడ చెప్పినట్టే సుమ కుండీ మీద చెయ్యి వేసి, కాస్త ఉత్తరానికి జరిపింది. "యథాస్థానం ఉద్వాసయామి" అన్నారు అత్తగారు, స్పష్టంగా. "శోభనార్థే పునరాగమనాయ చ" అనాలి. మళ్ళీ రావడం కోసం అని దాని అర్థం. రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లూ పునరాగమనాయ దగ్గరే ఆగిపోయారు. మూడోసారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "వదినగారూ" అని ఏడ్చారు.

ఇందుమతి గారూ, ఆ పూజ అక్కడిదాకా పూర్తయింది. మిగిలిన మాట ఎవరమూ అనలేకపోయాం. ఆ రోజు మీ వెనక ఏరు దాటి గట్టెక్కినవాళ్ళం, పిల్లలతో పెద్దలతో, అందరం ఉన్నాం. మీరే లేరు.